జార్జ్ టౌన్ హెరిటేజ్ వాక్‌కి వెళ్లొచ్చాం. తెలుగులో చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గూడూరు_కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 3:10

అందరికీ నమస్కారం. మేం పెరంబూరులో ఉంటాం, పదకొండేళ్లయింది. ఇవాళ పొద్దున మా అత్తయ్యను వెంటబెట్టుకుని జార్జ్ టౌన్‌లో గైడుతో నడిచే టూరుకి వెళ్లాను. తలకి 600 రూపాయలు. ఎవరు నడిపారో పేరు చెప్పను, వాళ్లను రచ్చకీడ్చాలని రాయడం లేదు.

మొత్తం 28 మందిమి. గైడు ముందు, మేం వెనక. మధ్యలో తోపుడుబళ్లు, ఆటోలు, ఒక ఆవు. ఆర్మేనియన్ చర్చి దగ్గర గైడు మైకు చచ్చిపోయింది. అక్కణ్ణుంచి ఆయన పెదాలు కదలడం చూస్తూ నడిచాం. మింట్ స్ట్రీట్‌లో అత్తయ్య చెప్పు తెగింది.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. చెప్పు కుట్టించుకునే లోపు గైడు మా దగ్గరికే వచ్చి నిలబడి, ఈ వీధిని తమిళంలో తంగసాలై అంటారు, తంగం అంటే బంగారం, సాలై అంటే రోడ్డు, కాబట్టి బంగారు రోడ్డు అని ఇంగ్లీషులో చెప్పాడు. నేను అత్తయ్యకు తెలుగులో చెప్పాను. ఆమె కుట్టేవాడి చేతిలో ఉన్న చెప్పు మీంచి కళ్లు తిప్పకుండానే, "బంగారమేంది, టంకశాల కదా. నాణేలు కొట్టే చోటు" అంది.

అత్తయ్య అయిదో క్లాసు. ఇంగ్లీషు రాదు, తమిళం కూరగాయల బేరం వరకే. గైడుకి చెప్దామనుకునేలోపు ఆయన తర్వాతి సందులోకి వెళ్లిపోయాడు.

ఈ ఊరి సంగతులు తెలుగులో చెప్పి నడిపించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? డబ్బులు ఇస్తాం.

ఓఎమ్మార్_టెకీ | ఆదివారం, 3:42

అక్కా, మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. నేను నాలుగేళ్లుగా చెన్నైలో ఉన్నా, ప్యారిస్ కార్నర్‌కి ఒక్కసారే వెళ్లాను, ఫోన్ కవరు కొనడానికి. అక్కడ చూడ్డానికి ఏముంది నిజంగా? ట్రాఫిక్ తప్ప?

మింట్‌స్ట్రీట్_మనవడు | ఆదివారం, 4:25

బాబూ, ఏముందని అడిగావు కాబట్టి చెప్తాను. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ సందుల్లోనే. కొత్వాల్ చావడిలో మా తాత అంగడి. ఎండుమిరపకాయ, చింతపండు. ఇప్పుడు 67 నాకు.

అమ్మా గూడూరు_కోడలు, మీ అత్తయ్య చెప్పిందే రైటు. ఈస్టిండియా కంపెనీవాళ్ల టంకశాల ఆ వీధి ఉత్తరపు కొసకి వచ్చాక ఆ పేరు నిలిచింది. అంతకుముందు అది చాకలివాళ్ల వీధి, కంపెనీ ఎగుమతి చేసే బట్టలు ఉతికి చలువ చేసేవాళ్లు అక్కడుండేవాళ్లు. టంకశాల కట్టడంలో తర్వాత ప్రభుత్వ ప్రెస్సు పెట్టారు. నాణేలు కొట్టిన చోట గెజిట్లు కొట్టారు!

పేర్లు చూడండి ఒకసారి. బ్రాడ్వేకి తూర్పున ముత్యాలపేట. పడమర పెద్దనాయకన్‌పేట. ఆ "పెద్ద" ఏ భాష? ఊరికి కావలి కాసే తలారి పని వంశపారంపర్యంగా పెద్దనాయకుడిది, ఆయన పేరు మీదే ఆ పేట. తంబుచెట్టి, లింగిచెట్టి, కొండిచెట్టి, కాశీచెట్టి, గోవిందప్ప నాయకుడు, ఆదియప్ప నాయకుడు. చిన్నప్పుడు మాకు ఇవన్నీ వీధులని తెలియదు, ఎవరో పెద్దమనుషుల్ని పిలుస్తున్నారనుకునేవాళ్లం.

శాసనం_సుబ్బు | ఆదివారం, 5:02

మనవడు గారు చెప్పింది చాలావరకు సరే. ఒక జాగ్రత్త: చెట్టి, నాయకర్ అన్న ప్రతి పేరూ తెలుగే అని గుండు గుత్తగా రాసేస్తే తమిళులు మన మీద పడతారు, న్యాయంగానే పడతారు. పక్కాగా చెప్పగలిగింది ఇది. 1639 ఆగస్టు 22న ఇంగ్లీషువాళ్లకి ఈ తీరం రాసిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. పూనమల్లిలో ఆయన తమ్ముడు అయ్యప్ప. తండ్రి చెన్నప్ప. కొత్త ఊరికి తండ్రి పేరు పెట్టమని అడిగారు, చెన్నపట్నమైంది. బేరమాడడానికి కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే వెంట ఉన్న దుబాసి బేరి తిమ్మప్ప. దుబాసి అంటే రెండు భాషలవాడు. అంటే ఈ ఊరి పునాదిలో మొదటి ఉద్యోగమే అనువాదం.

చెన్నకేశవ స్వామి పేరు మీద చెన్నై వచ్చిందనే వాదం కూడా ఉంది. 1640ల నాటి దానపత్రాల్లోనే ఆ గుడి ఉంది మరి. నేను చెన్నప్ప పక్షం.

వేపేరి_వనజ | ఆదివారం, 6:15

సుబ్బు గారూ, గుడి సంగతి ఎత్తారు కాబట్టి. ఆ పాత చెన్నకేశవ ఆలయం ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. ఫ్రెంచివాళ్లతో యుద్ధాల కాలంలో, సెయింట్ జార్జి కోట చుట్టూ ఇళ్లుంటే శత్రువు దాక్కుంటాడని కంపెనీవాళ్లు పాత నల్లవాళ్ల పట్నమంతా, అంటే కోట బయట మనవాళ్లుండే ఊరంతా, కూలగొట్టారు. గుడీ పోయింది. తర్వాత మణలి ముత్తుకృష్ణ ముదలి పూనుకుని పూలబజారు దగ్గర కొత్తగా కట్టించారు. చెన్నకేశవుడు, చెన్నమల్లేశ్వరుడు పక్కపక్కనే. టూరులో ఈ రెండూ చూపించారా?

గూడూరు_కోడలు | ఆదివారం, 6:31

బయటినుంచే చూపించాడండీ, "పాత గుళ్లు" అని. పూలమ్మి దగ్గర మల్లెపూలు కొన్నాం, అంతే.

ఓఎమ్మార్_టెకీ | ఆదివారం, 6:40

ఆగండి ఆగండి. ఊరంతా కూలగొట్టారా? అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇప్పుడు తెలిసే మార్గం ఉందా?

మింట్‌స్ట్రీట్_మనవడు | ఆదివారం, 7:20

ఉంది. ప్యారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఒక రాతి స్తంభం. ఇక్కడిదాకా ఖాళీ మైదానం, దీని అవతలే ఇళ్లు కట్టుకోవాలి అని 1773 జనవరి 1న ఆరు పాతారు. మిగిలింది ఇదొక్కటే. రోజుకి లక్ష మంది దాని పక్కనించి బస్సులకి పరిగెడతారు. మా నాన్న దానికి గొడుగు ఆనించి చుట్ట వెలిగించుకునేవాడు. నేను కాలేజీకి వచ్చేదాకా అది ట్రాఫిక్‌వాళ్లది అనుకున్నాను.

హైదర్ అలీ దండు ఊరి మీదికొచ్చాక కొత్త పట్నం చుట్టూ గోడ కట్టారు. ఖర్చు జనం మీద పన్నుగా వేద్దామన్నారు, వసూలు చేయలేకపోయారు. పన్ను రాలేదు, పేరు మాత్రం వచ్చింది: వాల్‌టాక్స్ రోడ్డు. గోడ ముక్క ఒకటి పాత జైలు రోడ్డులో మాడి పూంగాగా, అంటే మేడ మీది పార్కుగా ఉంది.

పాత_పేపరు | ఆదివారం, 9:48

ఇంత మాట్లాడి తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక సంగతి ఒక్కరూ ఎత్తలేదేం? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసుకి తెచ్చి ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. ఆఫీసు తంబుచెట్టి వీధిలోనే. 1924 నుంచి భారతి మాసపత్రిక. వీటన్నిటికీ డబ్బెక్కడిది అంటే, అమృతాంజనం. జనం తలనొప్పి మీద తెలుగు సాహిత్యం బతికింది.

ఆ వీధిలోంచి రెండడుగులేస్తే ఆర్మేనియన్ వీధి. అక్కడి చర్చి మొదట 1712లో, ఇప్పుడున్నది 1772లో. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అజ్దరార్ 1794లో అచ్చయింది యెరెవాన్‌లో కాదు, మన మద్రాసులో. నడిపిన ఫాదరీ ష్మావోన్యన్ సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది. సొంత ఊరు వదిలొచ్చినవాళ్లు ఇక్కడ సొంత భాషలో పేపరు వేసుకోవడం ఈ పేట అలవాటేమో.

గైడు మైకు ఆగిపోయింది సరిగ్గా ఆ చర్చి దగ్గరే కదా. పాపం.

వేపేరి_వనజ | సోమవారం, ఉదయం 7:05

సంగీతం వైపు నుంచి నా వంతు. బందరు వీధిలో కోవూరు సుందరేశ ముదలియార్ గారింట్లో త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడు దిగారు. కోవూరు పంచరత్నాలు ఆ స్నేహంలోంచి పుట్టినవే. శిష్యుడు వీణ కుప్పయ్యర్ ఇల్లు ముత్యాలపేటలో. త్యాగరాజస్వామి తమిళ దేశంలో తెలుగులో పాడుతుంటే ఈ సందుల్లో విన్నవాళ్లకి అర్థమయ్యేదా అని మా క్లాసు పిల్లలు అడిగేవాళ్లు. ఈ పేటలో అర్థం కాకపోవడమే వింత అనేదాన్ని.

ఓఎమ్మార్_టెకీ | సోమవారం, 10:30

గూగుల్ మ్యాప్ తెరిచి కూర్చున్నా, ఆఫీసు పని మానేసి. కోరల్ మర్చంట్ స్ట్రీట్ అని కనిపిస్తోంది. పగడాల వీధా? మద్రాసులో పగడాలేంటి?

శాసనం_సుబ్బు | సోమవారం, 1:15

పగడం మధ్యధరా సముద్రంది. తెచ్చినవాళ్లు పోర్చుగల్ మూలాలున్న యూదులు, లండన్‌లో స్థిరపడి వ్యాపారం చేసినవాళ్లు. ఆ పగడాలు ఇక్కడ అమ్మి ఏం కొన్నారో తెలుసా? గోల్కొండ వజ్రాలు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో తవ్విన రాయి ఈ వీధిలో చేతులు మారి లండన్ ఓడ ఎక్కేది. మీ విజయవాడకి ఆ గనులు ఎంత దూరమో మ్యాపులో అదీ చూసుకోండి.

ఓఎమ్మార్_టెకీ | సోమవారం, 1:22

ఫోన్ కవరు కొన్నది ఆ వీధికి పది నిమిషాల దూరంలో. సిగ్గేస్తోంది.

చెన్నపురి_వీరుడు | సోమవారం, 8:50

ఇన్ని పేర్లు, ఇన్ని గుళ్లు, ఇన్ని పత్రికలు. అందుకే మనవాళ్లు మదరాసు మనదే అన్నారు. తమిళులకి ఇచ్చేసి నోట్లో మట్టి కొట్టారు. 1953లో మనల్ని

నిర్వాహకులు | సోమవారం, 9:04

పై పోస్టు మిగతా భాగం తొలగించాం. ఈ దారంలో నడక గురించి రాయండి. 1953 కోసం వేరే దారం ఉంది, అక్కడ 411 పోస్టులున్నాయి, ఇంకా తేలలేదు.

మింట్‌స్ట్రీట్_మనవడు | సోమవారం, 9:40

ఆ విషయంలోనే ఒక్క ముక్క, గొడవకి కాదు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచింది మైలాపూరు దగ్గర, రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారింట్లో, 1952 డిసెంబరు 15. అందరికీ తెలుసు. కానీ ఆయన పుట్టింది? 1901 మార్చి 16, జార్జ్ టౌన్, అన్నపిళ్లై వీధి. మింట్ స్ట్రీట్‌కి వెళ్లిన టూరు ఆ వీధి మొహం కూడా చూడకుండా మురుక్కు శాండ్‌విచ్ తినిపించి పంపిందంటే నాకు కోపం లేదు, ఆకలి వేయడం సహజం. ఇంకోసారి వెళ్దాం.

నేను నడిపిస్తాను. డబ్బులొద్దు. వచ్చే నెల మొదటి వారంలో పెట్టుకుందాం. ఆదివారమా, మామూలు రోజా?

శాసనం_సుబ్బు | సోమవారం, 10:12

ఆదివారం. కొట్లు మూసుంటాయి, పైకి చూస్తూ నడవొచ్చు. పాత ఇళ్ల మేడ కమ్మీలు, సున్నపు పని అన్నీ మొదటి అంతస్తు నుంచే మొదలవుతాయి.

వేపేరి_వనజ | సోమవారం, 10:20

కొట్లు మూసుంటే జార్జ్ టౌన్ ఏం చూసినట్టు? గొడౌన్ స్ట్రీట్‌లో తాను విప్పే చప్పుడు, ఆండర్సన్ వీధిలో కాగితం వాసన, నైనియప్ప నాయకుడి వీధిలో కరక్కాయ, శొంఠి. అదంతా మామూలు రోజే. నేను మామూలు రోజుకి.

గూడూరు_కోడలు | మంగళవారం, 6:50

ఆఫీసులున్నవాళ్లు ఏం చేయాలండీ? శనివారం పెట్టండి. శనివారం పొద్దున కొట్లు తెరిచేలోపు పైకి చూద్దాం, తెరిచాక కిందికి చూద్దాం.

మింట్‌స్ట్రీట్_మనవడు | మంగళవారం, 11:35

ఇదీ తెలివి. శనివారం 6:30, హైకోర్టు మెట్రో బయట. పన్నెండు మందికి మించి వద్దు, నా గొంతుకి మైకు లేదు. చెప్పులు కొత్తవి వేసుకోవద్దు, పాతవీ వద్దు. నీళ్లు తెచ్చుకోండి. హైకోర్టు లోపలికి వెళ్లం, కాంపౌండు గోడ దగ్గర ఆగుతాం. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ గుండ్లు పేల్చింది, ఒకటి ఇక్కడ పడింది. గుర్తుగా ఫలకం పెట్టారు. ఆ రాత్రి మాయమైన ఓడ పేరు ఇప్పటికీ ఈ ఊళ్లో తిట్టో పొగడ్తో తెలియని మాటగా తిరుగుతోంది. "వాడొక ఎమ్డెన్" అంటే పట్టుబడని గడుసువాడు.

పాత_పేపరు | మంగళవారం, 12:10

కాళికాంబ గుడి పెడుతున్నారా? శివాజీ వచ్చాడని గైడులందరూ చెప్తారు.

శాసనం_సుబ్బు | మంగళవారం, 12:48

1677 అక్టోబరు 3 అని గుడివాళ్లు చెప్పే తేదీ. కంపెనీ కాగితాల్లో ఉన్నది వేరు, అదే ఏడాది శివాజీ విషానికి విరుగుడు మందులు పంపమని కోటకి ఉత్తరం రాశాడు. నాకైతే ఆ ఉత్తరమే ఎక్కువ ఆసక్తి.

ఆ గుడి దగ్గర ఇంకోటి చెప్పాలి. అప్పట్లో ఊళ్లో కులాలు కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలు; 1707లో ఆ రెండూ ఊరేగింపు దారుల కోసం కొట్టుకున్నాయి. గవర్నరు థామస్ పిట్ చివరికి ఎడమచేతివాళ్లకి ముత్యాలపేట, కుడిచేతివాళ్లకి పెద్దనాయకన్‌పేట అని తేల్చాడు. ఇప్పటికీ చూడండి. విశ్వకర్మల కాళికాంబ తూర్పున. కోమట్ల కన్యకా పరమేశ్వరి పడమర. మధ్యలో పల్లం. ఆ పల్లాన్ని పోఫామ్ అనే లాయరు పూడ్పించి రోడ్డు చేశాడు, అదే బ్రాడ్వే.

గూడూరు_కోడలు | శనివారం, సాయంత్రం 5:30

వెళ్లొచ్చాం! తొమ్మిది మందిమే వచ్చాం, వాన వల్ల. కాళ్లు పీకుతున్నాయి, అయినా ఇప్పుడే రాయకపోతే మర్చిపోతాను.

రాతి స్తంభం దొరికింది. దాని ముందు ఎవరో స్కూటరు పెట్టారు, సీటు మీద హెల్మెట్. ఓఎమ్మార్ తమ్ముడు హెల్మెట్ జరిపి అక్షరాలు చదివాడు. చదివి మళ్లీ హెల్మెట్ ఉన్నట్టే పెట్టాడు.

బ్రాడ్వే దాటేటప్పుడు సుబ్బు గారు "పల్లం చూడండి" అన్నారు. చూడక్కర్లేదు, మడమల పైదాకా నీళ్లు. పోఫామ్ సరిగ్గా పూడ్చలేదు.

కొత్వాల్ చావడిలో మనవడు బాబాయి గారు ఒక్కసారిగా మాట్లాడ్డం ఆపేశారు. కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడు వెళ్లిపోయింది కదా, వాళ్ల తాత అంగడి ఉన్న చోట ఇప్పుడు ప్లాస్టిక్ సామాన్లు. షట్టరు ఇంకా తెరవలేదు. ఆయన వంగి గడప రాయి చూపించారు. మధ్యలో అరంగుళం అరిగి ఉంది. మిరప బస్తాలు ఈడ్చి ఈడ్చి అలా అయిందట. నెల్లూరు వైపు నుంచి బకింగ్‌హామ్ కాలవ మీద పడవల్లో సరుకు బేసిన్ బ్రిడ్జికి వచ్చేదనీ, వాళ్ల తాతకి ఏ పడవ సరుకో వాసనని బట్టే తెలిసేదనీ చెప్పారు. మేమందరం ఆ గడప మీద వేళ్లు పెట్టి చూశాం. ప్లాస్టిక్ కొట్టాయన వచ్చి ఏం పోయిందండీ అని తమిళంలో అడిగాడు.

కన్యకా పరమేశ్వరి గుళ్లో అత్తయ్యని పూజారి గారు "ఏ ఊరమ్మా?" అన్నారు. గూడూరు అంది. "మాదీ ఆ పక్కే, నాలుగు తరాల కింద" అన్నారాయన. ఇక అత్తయ్యని కదిలించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అన్నపిళ్లై వీధిలో గట్టిగా ఎవరం ఏమీ మాట్లాడలేదు, వాన కూడా అప్పుడే జోరందుకుంది. ఒక అరుగు మీద నిలబడితే ఇంటావిడ మార్వాడీలో ఏదో అని కుర్చీ వేసింది అత్తయ్యకి.

చివర కాకడా రాంప్రసాద్ దగ్గర జిలేబీ, బాదంపాలు. ఖర్చు మొత్తం మనిషికి 140.

ఓఎమ్మార్_టెకీ | శనివారం, 7:15

మీ అత్తయ్య గారు మింట్ స్ట్రీట్ బోర్డు కింద నిలబడి ఫోటో తీయమన్నారు. తీశాను, అక్కా మీకు పంపాను. తమిళం ఎలా ఉందో చదవమన్నారు, కూడబలుక్కుని చదివాను. "చూడు, ట కి త రాసినారు, అంతే తేడా" అన్నారు.

శాసనం_సుబ్బు | శనివారం, 8:02

ఆ ఒక్క వాక్యానికి భాషాశాస్త్రంలో పది పేజీలు రాస్తారు.

వచ్చేసారి వాల్‌టాక్స్ రోడ్డు వైపు, మాడి పూంగా నుంచి మొదలుపెట్టి. తేదీ వనజ గారు చెప్పాలి, ఆవిడకే కచేరీలుంటాయి.

మింట్‌స్ట్రీట్_మనవడు | శనివారం, 9:30

సుబ్బు గారూ, మీ గొడుగు బాదంపాల కొట్టులో వదిలేశారు. తెచ్చి మా ఇంట్లో పెట్టాను. నల్లది, పిడి విరిగింది మీదేనా? రెండున్నాయి ఇక్కడ.